అమ్మీ అడిగిన కితాబ్

కంటి శుక్లాల ఆపరేషన్ అయిన ఆరు వారాలకు డాక్టరుగారు అమ్మీకి చదువుకోవడానికి ఇజాజత్ ఇచ్చారు. ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజ్ అయ్యాక అమ్మీ నన్ను పిలిచి, "బేటా, కోయీ అచ్ఛీ కితాబ్ లాదే" అంది.

అచ్ఛీ కితాబ్ అంటే నాకు తెలిసినదొకటే అర్థం. మర్నాడు సీరత్ మీద ఒకటి, సహాబియాత్ జీవితాల మీద ఒకటి, దువాల కితాబ్ ఒకటి తెచ్చి మంచం పక్కన పెట్టాను. అమ్మీ మూడింటినీ కళ్లకద్దుకుని అలమారాలో సర్దేసింది. "ఇవి ఇంట్లో ఉన్నవే బేటా, రోజూ ఫజర్ తర్వాత చదివేవే. నేనడిగింది దిల్ బెహలానే వాలీ" అంది. మా అమ్మీకి డెబ్బై దగ్గర పడుతున్నాయి. లుత్ఫ్ కోసం, ఉత్త సంతోషం కోసం ఒక పుస్తకం కావాలని ఆమె నోట వినడం నాకు అదే మొదటిసారి. అబ్బా బతికున్న రోజుల్లో అడగలేదా, అడిగితే మేం వినలేదా అన్నది ఇప్పుడు తేలే సంగతి కాదు.

ఊళ్లో నేను తిరిగిన దుకాణాల్లో ఉర్దూలో దీనీ కితాబులు దొరికాయి, ఖాయిదాలు దొరికాయి, క్యాలెండర్లు దొరికాయి. నావెల్ ఒక్కటీ దొరకలేదు. అమ్మీకి తెలుగు మాట్లాడటం మనందరిలాగే వచ్చు, చదవడం రాదు. నేను ఉర్దూ మీడియం బడిలో చదివి, తర్వాత తెలుగు సాహిత్యంలో డిగ్రీ చేసి, ఇరవై ఏళ్లుగా తెలుగు పత్రికల్లో రాసి బతుకుతున్నవాణ్ని. అలాంటి నేను కన్నతల్లికి నచ్చే ఒక పుస్తకం వెతకలేకపోయాను. పెద్దవాళ్లకు నచ్చే పుస్తకం దొరకబుచ్చి చేతిలో పెట్టడం అసలు ఎవరి పని అని అప్పుడే ఆలోచన మొదలైంది. ఆ పని చేయాల్సిన కుతుబ్‌ఖానాల తారీఖ్ తిరగేస్తే అది మా ఊరి వీధుల్లోకే వచ్చి ఆగింది.

మా ఊరంటే బందరు. కాగితాల మీద మచిలీపట్నం. బందర్ అంటే ఫార్సీలో రేవు. గోల్కొండ ఖుతుబ్‌షాహీల జమానాలో ఇరాన్ తాజిర్లు ఓడలు దిగిన రేవు ఇది. ఇక్కడి అద్దకానికి కలంకారీ అని పేరు రావడానికి కారణమైన కలం మన ఖలమే. తెలుగువాళ్లు రాసుకునే కాగితం మన కాగజే. రాతకు కావలసిన సామాను మాటలన్నీ ఈ రెండు జుబానులూ ఎప్పుడో పంచుకున్నాయి. చదివే పుస్తకాల దగ్గరికి వచ్చేసరికే ఎవరి అలమారా వారిదైంది.

1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశం పర్యటిస్తూ బందరు వచ్చి మాట్లాడారు. ఆ మాటలు విని కదిలిన కుర్రాళ్లలో అయ్యంకి వెంకటరమణయ్య ఒకరు. 1890లో తూర్పు గోదావరి వైపు కొంకుదురులో పుట్టిన మనిషి, ఇరవై ఏళ్లు నిండేసరికల్లా 1910లో బందరు నుంచి 'ఆంధ్రభారతి' అనే సచిత్ర మాసపత్రిక నడిపారు. గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' అచ్చయింది ఆ పత్రికలోనే, 1910 ఫిబ్రవరిలో. తెలుగులో మొదటి ఆధునిక కథ ఏదంటే చాలామంది దాని పేరే చెబుతారు. భండారు అచ్చమాంబ 1902లోనే 'ధనత్రయోదశి' రాశారు కదా అని గట్టిగా వాదించేవాళ్లున్నారు, నా ఓటు అచ్చమాంబకే. అది వేరే బహస్. 'దిద్దుబాటు' వెలుగు చూసింది మాత్రం మా ఊళ్లోనే, తర్వాత గ్రంథాలయోద్యమ పితామహుడు అనిపించుకున్న మనిషి చేతుల మీదుగానే.

ఆ కథ మీలో చాలామంది చదివే ఉంటారు. రాత్రుళ్లు ఆటపాటల వంకతో ఇల్లు మరిచే భర్తకు చదువుకున్న భార్య ఒక ఉత్తరంతో బుద్ధి చెబుతుంది. కథ మకసద్ ఇస్లాహ్. సంస్కరణ. కానీ నూరేళ్లు దాటాక కూడా దాన్ని చదువుతున్నది ఆ ఇస్లాహ్ కోసం కాదు. చీకట్లో భార్య కోసం వెతుక్కునే ఆ మొగుడి కంగారు, నౌకరుతో అతని మాటలు నవ్విస్తాయి కాబట్టి చదువుతున్నాం. లుత్ఫ్ ముందు వస్తుంది, ఇస్లాహ్ దాని వెనక వస్తుంది. ఈ సంగతి కథ రాసిన గురజాడకు బాగా తెలుసు. గ్రంథాలయాలు కట్టినవాళ్లకు అంతగా పట్టలేదేమో అని నా అనుమానం.

అంటే వాళ్లను తక్కువ చేస్తున్నానని కాదు. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఊరూరా గ్రంథాలయాలు నడుపుకునేవాళ్లు కూడి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్నారు. ఆ సభకు అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. అప్పటికే ఆయనకు చూపు లేదు. కంటితో చదవలేని మనిషి గ్రంథాలయాల సభకు సదర్‌గా కూర్చోవడం తలుచుకుంటే నాకు ఎప్పుడూ ఒళ్లు జలదరిస్తుంది. ఆ తర్వాత 'గ్రంథాలయ సర్వస్వము' పత్రిక వచ్చింది. గ్రంథాలయ యాత్రలు వచ్చాయి. సర్కారు పైసా లేకుండా, ఊళ్లో బియ్యం, డబ్బు పోగుచేసుకుని, చావిళ్లలో, అరుగుల మీద అలమారాలు వెలిశాయి. చదువు రానివాళ్లను కూర్చోబెట్టి సాయంత్రం పూట పత్రిక చదివి వినిపించడం వాటి పనుల్లో ఒకటి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వయోజన విద్యను, గ్రంథాలయాన్ని ఒకే బండికి కట్టిన రెండెడ్లలా నడిపించారు.

వీటన్నిటిలో నాకు మరీ ఇష్టమైనది పడవ. పాతూరి నాగభూషణంగారని గుంటూరు జిల్లా పెదపాలెం మనిషి, అక్కడ సేవాశ్రమం నడిపారు. 1935లో ఒక పడవ నిండా పుస్తకాలు ఎక్కించి కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద తిప్పారు. అది మాకు ఏటికి అవతలి గట్టు. అయినా కృష్ణా డెల్టా ఇరువైపులా బతుకు ఒక్కటే. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలువలే రోడ్లు. ధాన్యం పడవలోనే, పెళ్లివారు పడవలోనే. బెజవాడ నుంచి బందరుకు మనుషులు రాత్రంతా పడవలో పడుకుని తెల్లారి దిగేవాళ్లు. పుస్తకమూ అదే దారిన వచ్చింది. రేవులో పడవ ఆగితే జనం గట్టు మీదికి వచ్చి పుస్తకాలు తీసుకునేవారు. అటూ ఇటూ తిరిగే పడవ కాబట్టి పుస్తకం తిరిగివ్వడానికి దాని కోసం మళ్లీ ఎదురుచూడాల్సిందే. ఎదురుచూపులోనే షౌఖ్ పుడుతుంది. పుస్తకం ఇచ్చిన మనిషే మళ్లీ వచ్చి తీసుకుంటాడు కాబట్టి "ఎలా ఉంది?" అని అడగకుండా ఉండడు. అమ్మీ కోసం వెతుకుతున్నప్పుడు ఆ ఒక్క ప్రశ్న విలువ నాకు తెలిసింది.

అయితే ఆ జమానా పెద్దలకు నావెల్ అంటే కాస్త చిన్నచూపు. మనిషి ఎదగాలి, ఇల్మ్ పెరగాలి, దేశం మేలుకోవాలి. చరిత్రలు, జీవితచరిత్రలు, విజ్ఞానశాస్త్రాలు ముందుకు రావాలి. ఈ ఆలోచన మనకూ కొత్త కాదు. డిప్టీ నజీర్ అహ్మద్ 1870లలో రాసిన 'తౌబతున్ నసూహ్' చదివినవాళ్లకు గుర్తుంటుంది. జబ్బు నుంచి లేచిన తండ్రి నసూహ్ ఇంటిని దిద్దుకోవాలనుకుంటాడు. పెద్దకొడుకు కలీమ్ షాయరీ మనిషి. అతని గదిలోని ముచ్చటైన పుస్తకాలన్నీ తండ్రి బయటికి తెచ్చి తగలబెడతాడు. తమాషా ఏమిటంటే ఆ బుగ్గి అయ్యే పుస్తకాల గది వర్ణన చదువుతుంటే మనకు కలీమ్ మీదే మనసు పోతుంది. ఇస్లాహ్ కోసం రాసిన కితాబ్‌ను నూట యాభై ఏళ్లుగా మనవాళ్లు లుత్ఫ్ కోసం చదువుతున్నారు. నజీర్ అహ్మద్ సాబ్ వింటే ఏమనేవారో.

దేశం దాటి చూసినా ఇదే ఖిస్సా. చికాగో, డెట్రాయిట్, న్యూయార్క్ నగరాల లైబ్రరీలు 1920లలో పెద్దవాళ్లకు పుస్తకాలు ఎంచిపెట్టడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా కూర్చోబెట్టాయి. అప్పుడు వాళ్ల ఆలోచనా మనిషిని దిద్దడమే. ఫలానా సబ్జెక్టుకు ఫలానా వరుసలో చదువు అని జాబితా రాసిచ్చేవాళ్లు. చాలా ఏళ్ల తర్వాత, 1980లలో, అక్కడి లైబ్రేరియన్లు దారి మార్చారు. 1989లో జాయిస్ సారిక్స్, నాన్సీ బ్రౌన్ అనే ఇద్దరు రాసిన పుస్తకం ఆ మార్పుకు పెద్ద నిషానీ. వాళ్లు చెప్పింది మామూలు మాటే. పాఠకుణ్ని "ఏ విషయం మీద కావాలి?" అని అడగొద్దు. "మీకు బాగా నచ్చిన పుస్తకం ఒకటి చెప్పండి" అనడగాలి. అతను చెప్పేది జాగ్రత్తగా వినాలి. కథ పరుగెత్తాలా, నింపాదిగా నడవాలా? మనుషులు గుర్తుండాలా, మలుపులు గుర్తుండాలా? ఏ వాతావరణంలో అతని దిల్ కుదుటపడుతుంది? సియాటిల్ లైబ్రేరియన్ నాన్సీ పర్ల్ ఇంకో సులువు చెప్పారు. ఏ పుస్తకమైనా యాభై పేజీలు చూడు, నచ్చకపోతే మూసెయ్. యాభై ఏళ్లు దాటినవాళ్లు నూటిలోంచి తమ వయసు తీసేసి అన్ని పేజీలే చూడాలట. ఆ లెక్కన మా అమ్మీకి ముప్ఫై పేజీలు. ఈ ఖాయిదా చెబితే అమ్మీ తెగ నవ్వింది. "మరి నీ మర్హూమ్ దాదీకి పదే పేజీలు!" అంది.

మళ్లీ మన దగ్గరికి వద్దాం. కృష్ణా జిల్లా అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోది. ఎస్.ఆర్. రంగనాథన్ పట్టుబట్టగా 1948లో మద్రాసు గ్రంథాలయాల చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో ఇలాంటి చట్టం అదే మొదటిది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1960లో మన చట్టం వచ్చింది. జిల్లా గ్రంథాలయ సంస్థలూ, శాఖా గ్రంథాలయాలూ దాని కిందివే. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, గ్రంథాలయ పన్ను అని ఒక గడి ఉంటుంది. రూపాయికి 8 పైసలు. హిందూ ఇల్లయినా, ముస్లిం ఇల్లయినా, మా మొహల్లాలో రేకుల ఇల్లయినా కట్టాల్సిందే. దశాబ్దాలుగా కడుతూ, ఆ గడప ఒక్కసారీ తొక్కని ఇళ్లు మనలో ఎన్నో. నాకు తెలిసిన ఇళ్లలో ఎక్కువ అవే.

రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో రెండో మాట, ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం అందాలని. మూడోది, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలని. నిఖా కుదిర్చే మషాతా పని లాంటిది ఇది. ఇద్దరినీ ఎరిగిన మనిషి మధ్యలో లేకపోతే సంబంధం కలవదు. చట్టం భవనం ఇచ్చింది, అలమారా ఇచ్చింది, రిజిస్టరు ఇచ్చింది. మధ్యలో మనిషి ఎక్కడున్నాడో అక్కడే పని జరిగింది.

నా అనుభవం ఒకటి చెప్పి ముందుకెళతాను, ఊరు పేరు వద్దు. డిగ్రీలో చేరిన కొత్తలో ఒక గ్రంథాలయానికి వెళ్లి డిటెక్టివ్ నావెల్ అడిగాను. బల్ల వెనక పెద్దాయన నన్ను పైకీ కిందికీ చూసి, "పేరేంటి?" అన్నారు. చెప్పాను. "మీవాళ్లు చదువుకే రావడం తక్కువ, వచ్చి ఇవా అడిగేది? పనికొచ్చేది చదువుకో" అని ఒక వ్యాసాల పుస్తకం చేతిలో పెట్టారు. చెడ్డమనిషి కాదు, నా మంచి కోరే అన్నారు. కానీ ఏడాదిపాటు నేను అటు వెళ్లలేదు. ఆ పుస్తకం వాపసు కూడా ఇవ్వలేదు, అల్లాహ్ మాఫ్ చేయుగాక. చదువుకున్న పెద్దలు నాతో ఇలా అంటే, మా అబ్బా ఇంట్లో అమ్మీతో అన్నదీ ఇంచుమించు ఇదే. ఇద్దరూ కలీమ్ గది ముందు నిలబడ్డ నసూహ్‌లే.

మరి లుత్ఫ్ ఎక్కడికి పోయింది? అద్దె లైబ్రరీకి పోయింది. బడ్డీకొట్టంత గది, గోడల నిండా అట్టలు వేసిన నవలలు, రోజుకు ఇంతని కిరాయి. 1960, 70లలో తెలుగు నవలను ఇంటింటికీ చేర్చింది చాలావరకు అవే. ఎక్కువగా చేరింది ఆడవాళ్లకు. ఆ నవలల రాణి యద్దనపూడి సులోచనారాణి మా జిల్లా మనిషే, మొవ్వ దగ్గర కాజ ఊరు. నవలను కొనిపించే ఆలోచన కూడా మా ఊరిదే. ఎమెస్కో అని మీరు చూసే పేరు వెనక ఉన్నది బందరు ఎం. శేషాచలం అండ్ కంపెనీ. ఇంటింటా సొంత గ్రంథాలయం పేరుతో వాళ్లు పాకెట్ బుక్స్‌ను ఇళ్లకే పంపారు. కట్టుబాట్ల వల్ల బయటికి రాని చదువరులకు పుస్తకమే నడిచి వెళ్లింది. కాలువలో పడవకూ, పోస్టులో వచ్చే కట్టకూ పెద్ద తేడా లేదు.

ఉర్దూ వైపూ ఇదే తంతు. ఇబ్నె సఫీ 1952లో అలహాబాద్ నుంచి 'జాసూసీ దునియా' మొదలుపెట్టారు. తర్వాత ఆయన పాకిస్తాన్ వెళ్లిపోయినా నావెళ్లు ఇక్కడ ఆగలేదు. ఉర్దూ చదివే ఊళ్లలో కిరాయి దుకాణాల ముందు కొత్త నెంబరు కోసం జనం కాచుకునేవాళ్లు. ఢిల్లీ నుంచి 'షమా' వచ్చేది, పిల్లలకు 'ఖిలౌనా' వచ్చేది. అమ్మీ పుట్టిల్లు గుడివాడ. మా మామూ ఫరీదీ-హమీద్ నావెల్ తెచ్చుకుని చదివి పడుకుంటే, అమ్మీ లాంతరు దగ్గర పెట్టుకుని తెల్లారేలోగా ముగించి మళ్లీ అతని దిండు కింద పెట్టేసేదట. ఈ సంగతి ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. "నీకు బాగా నచ్చిన కితాబ్ ఏది అమ్మీ?" అని నేను మొన్న మొదటిసారి అడిగితే చెప్పింది. అమెరికా వాళ్ల కితాబు నాకు పనికొచ్చింది అంతవరకే, అయినా అదేమీ తక్కువ కాదు.

పత్రిక పని మీద దివిసీమ వెళ్లినప్పుడల్లా నేను ఊరి గ్రంథాలయం తలుపు తీసి ఉందా అని చూస్తాను. 1977 నవంబరు 19 ఉప్పెన ఆ సీమను ఊడ్చేసింది. తారీఖు చూస్తే అది గ్రంథాలయ వారోత్సవాల వారమే. వేల మనుషులు పోయిన చోట కాగితాల లెక్క ఎవరు అడుగుతారు. నాగాయలంక వైపు ఒక ఊళ్లో, పేరు చెప్పొద్దని అడిగిన ఒక గ్రంథాలయ ఉద్యోగి నాకు ఆ పని లోగుట్టు నేర్పారు. ఆయన బల్ల మీద ఒక మూల వాపసు వచ్చిన పుస్తకాలు గుట్టగా ఉంటాయి. వాటిని వెంటనే అలమారాలోకి చేర్చరు. "సార్, జనం ముందు ఈ గుట్టే చూస్తారు. ఎవరో చదివి తెచ్చారంటే అదే సిఫారసు" అన్నారు. తర్వాత పుస్తకం వెనక అతికించిన గడువు చీటీ చూపించారు. తారీఖు ముద్రలు దగ్గర దగ్గరగా ఉంటే పుస్తకం పరుగెత్తుతున్నట్టు. ఆరేళ్లకు ఒక ముద్ర ఉంటే అది ఎవరికోసమో కాచుకుని కూర్చున్నట్టు. పాత పాఠకులు అట్ట తిప్పి ఆ చీటీ చూసే పుస్తకం తీసుకుంటారట.

ఆయన ఇంకొకటి చూపించారు. కొన్ని నవలల చివరి పేజీ మూలల్లో పెన్సిల్ గుర్తులు. ఒకదానిలో చిన్న చుక్క, ఒకదానిలో నెలవంక లాంటి గీత. వయసు పైబడినవాళ్లు తాము చదివేసిన పుస్తకం మళ్లీ ఇంటికి పట్టుకెళ్లకుండా పెట్టుకున్న నిషానీలు అవి. పుస్తకం పాడుచేయడమే, ఖాయిదా ప్రకారం తప్పే. ఆయన మాత్రం ఏ గుర్తు ఎవరిదో తెలుసుకుని పెట్టుకున్నారు. చుక్కవాళ్లు మెచ్చింది నెలవంకవాళ్లకు నచ్చుతుందో లేదో చెప్పగలరు. డిటెక్టివ్ నవల మొదటి పేజీలోనే హంతకుడి పేరు రాసిపెట్టే బద్మాషులు కూడా ఉన్నారు, వాళ్ల గుర్తులు దొరకలేదని నవ్వారు. నెలవంక ఎవరిదని అడిగాను. రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండే ఒక సాయెబుగారిదట. రాత్రంతా మెలకువగా ఉండాలి కాబట్టి లావు పుస్తకాలే అడుగుతారట. మనవాళ్లు చదవరని బయాన్‌లలో వింటుంటాను. 'ఇఖ్రా' మీద గంట ప్రసంగాలు చేస్తారు. ఆ చెరువు గట్టు మీద లావు పుస్తకం పట్టుకున్న చాచా వాళ్ల లెక్కల్లో లేడు.

డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం నెంబరు 894.827. ఉర్దూది 891.439. నేను చూసిన శాఖా గ్రంథాలయాల్లో ఆ రెండో నెంబరు అలమారా ఉంటే ఖాళీగా ఉంది, లేకపోతే అసలు లేదు. అడిగేవాళ్లు లేరు కాబట్టి కొనలేదంటారు. లేవు కాబట్టి మనం అడగడం మానేశాం. ఇందులో సగం తప్పు మనదే అని నేననుకుంటాను. పన్ను కట్టే ఇల్లు, కావలసిన పుస్తకం పేరు ఒక కాగితం మీద రాసివ్వడానికి బద్ధకించకూడదు. ఇక మొదటి నెంబరు అలమారాలో మన ఇళ్లు లేవా అంటే, ఉన్నాయి. పిఠాపురం ఉమర్ ఆలీషా పద్యాల కాలం నుంచీ ఉన్నాయి. ఖదీర్ బాబు 'దర్గామిట్ట కథలు', స్కైబాబా కూర్చిన 'వతన్', సలీం 'కాలుతున్న పూలతోట', వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' ఉన్నాయి. ఇలా రాసినవాళ్లందరి వివరాలూ సయ్యద్ నశీర్ అహమ్మద్ 'అక్షరశిల్పులు'లో ఒకచోట పెట్టారు. మన దస్తర్‌ఖాన్, మన గొడవలు తెలుగు లిపిలో ఉన్నాయి. తెలుగు లిపి రాని అమ్మీలకు వాటిని ఎవరు వినిపిస్తారన్నదే మిగిలింది.

పోయిన నెల గుడివాడలో మామూను చూడటానికి వెళ్లి, అక్కడి శాఖా గ్రంథాలయంలో అడుగుపెట్టాను. బల్లలన్నీ పోటీ పరీక్షల కుర్రాళ్లతో నిండిపోయి ఉన్నాయి, ఈ రోజుల్లో ఎక్కడ చూసినా అంతే. కౌంటరు దగ్గరున్న మేడంగారికి అమ్మీ సంగతి చెప్పాను. డెబ్బై దగ్గర పడిన మనిషి, తెలుగు చదవలేదు, ఇబ్నె సఫీ ఇష్టం అని. ఆవిడకు ఇబ్నె సఫీ ఎవరో తెలియదు. కాసేపు ఆలోచించి, "అమ్మగారిది గుడివాడే అన్నారుగా. పెళ్లికి ముందు ఇక్కడ చూసిన సినిమాల్లో బాగా ఇష్టమైంది ఏదండీ?" అన్నారు. అక్కడి నుంచే అమ్మీకి ఫోన్ చేశాను. అమ్మీ తడుముకోలేదు. "సెక్రటరీ. నాగేశ్వర్రావ్‌ది. నిఖాకు ముందు ఖాలాతో దొంగతనంగా పోయాం." 1976 నాటి సంగతి. అక్కినేని గుడివాడ పక్క రామాపురం మనిషి కాబట్టి ఆయన సినిమా వస్తే ఊరంతా సొంత పెళ్లిలా ఉండేదట. మేడంగారు లోపలికి వెళ్లి అట్ట నలిగిన యద్దనపూడి 'సెక్రటరీ' తెచ్చి బల్ల మీద పెట్టారు. గడువు చీటీలో ఖాళీ లేక దాని మీద ఇంకో చీటీ అతికించారు. బందరు మనిషికి గుడివాడలో కార్డు ఎలాగని నేను అనేలోపే, మామూ తన పేరు మీద డిపాజిట్ కట్టేశాడు. డెబ్బై రెండేళ్ల వయసులో ఆయనకు అది మొదటి లైబ్రరీ కార్డు.

చదివి వినిపించడం నా పనే అనుకున్నాను. రోజూ ఇషా తర్వాత పది పేజీలు. చిన్నప్పుడు మా నానీ ఇంట్లో ఆడవాళ్లంతా చేరి ఒకరు చదువుతుంటే నూర్‌నామా వినేవాళ్లు, అదే యాదొచ్చింది. నాలుగో రోజు నాకు ఆఫీసులో రాత్రి డ్యూటీ పడింది. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు మీడియం, రెండో భాష తెలుగు. ఉర్దూలో అలిఫ్, బే దాటలేదు. దాదీ దగ్గర కూర్చుని అదే చదవడం మొదలుపెట్టింది. ఇప్పుడు నన్ను దగ్గరికి రానివ్వడం లేదు, నేను చదివితే వార్తలు చదివినట్టుంటుందట. మధ్యలో ఆపి అమ్మీ సినిమాలో ఇలా లేదంటుంది, పిల్ల పుస్తకంలో ఇలాగే ఉందంటుంది.

నిన్న రాత్రి నేను ఇంటికి వచ్చేసరికి గదిలో పెద్ద రగడ. పిల్ల మధ్యాహ్నం సెలవు కదా అని ఒంటరిగా కూర్చుని ఒకేసారి నలభై పేజీలు చదివేసింది. అమ్మీ అటు తిరిగి కూర్చుని తస్బీహ్ తిప్పుతోంది, మాట్లాడటం లేదు. నన్ను చూసి, "పూఛ్ ఇసే, నన్ను దారిలో దింపేసి అది ఒక్కతే ఎలా వెళ్లిపోయిందో" అంది.